సి ప్రోగ్రామ్ నుంచి ఆదేశాలు నడపడం: షెల్ చేతికి మనం ఏమిస్తున్నాం?

వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ రోజు నాకిచ్చిన అంశం పైకి చాలా చిన్నది. సి భాషలో రాసిన ప్రోగ్రామ్ లోపలి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఆదేశాలను ఎలా నడపాలన్నదే ఆ అంశం. స్టాండర్డ్ లైబ్రరీలో సిస్టమ్ అనే ఫంక్షన్ ఉందనీ, దానికి ఆదేశాన్ని ఒక స్ట్రింగ్‌గా అందిస్తే అది నడిచిపోతుందనీ చెప్పి నేను కూర్చోవచ్చు. తెర తుడవడానికో తేదీ చూపడానికో ఈ ఫంక్షన్‌ను వాడని విద్యార్థులు మన ల్యాబుల్లో అరుదు. కంప్యూటర్‌ను ఆపేసే ఆదేశాన్ని అందులో పెట్టి, దానికి వైరస్ అని బిరుదిచ్చి, పక్క గది మిత్రుడి మీద ప్రయోగించే సరదా కూడా హాస్టళ్లలో తరతరాలుగా సాగుతోంది. ఇంత తేలికగా పని జరిగిపోవడం వల్లనే ఎవరూ ఒక ప్రశ్న వేసుకోరు: మనమిచ్చిన ఆ స్ట్రింగ్‌ను చదివేది ఎవరు? సి కంపైలర్ దాన్ని చదవదు, దాని దృష్టిలో అది వరుసగా పేర్చిన కొన్ని బైట్లు మాత్రమే. ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్ కూడా చదవదు. చదివేది షెల్, అంటే మనం టైప్ చేసే ఆదేశాలను అర్థం చేసుకుని నడిపే ప్రోగ్రామ్, దానికి తనదైన వ్యాకరణం ఉంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

సి భాషకు 1989లో వచ్చిన ఆన్సి ప్రమాణం ఈ ఫంక్షన్ గురించి చెప్పింది చాలా తక్కువ. ఇచ్చిన స్ట్రింగ్‌ను ఆ యంత్రంలో ఉన్న కమాండ్ ప్రాసెసర్‌కు అందించాలని చెప్పింది. స్ట్రింగ్‌కు బదులు నల్ పాయింటర్ ఇస్తే, అసలు కమాండ్ ప్రాసెసర్ అనేది ఉందో లేదో తెలిపే విలువ రావాలని చెప్పింది. తక్కిన సందర్భాల్లో తిరిగివచ్చే విలువకు అర్థమేమిటో మాత్రం ఆయా వ్యవస్థలకే వదిలేసింది. ఆపరేటింగ్ సిస్టమే లేని చిన్న చిప్ మీద కూడా సి నడవాలి కనుక అంతకు మించి చెప్పే వీలు లేదు. అందువల్ల ఒకచోట సరిగ్గా పనిచేసిన ప్రోగ్రామ్ మరోచోట వేరే అర్థంలో పనిచేస్తే భాషను తప్పుపట్టలేం.

యూనిక్స్, లినక్స్ వ్యవస్థల్లో జరిగేది ఇది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ప్రాసెస్ అంటారు. సిస్టమ్ ఫంక్షన్ ముందుగా మన ప్రాసెస్ నుంచి ఒక చైల్డ్ ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. ఆ చైల్డ్ తన స్థానంలోకి షెల్‌ను ఎక్కించుకుని, మైనస్ సి అనే ఆప్షన్ వెంట మన స్ట్రింగ్‌ను దానికి అప్పగిస్తుంది. షెల్ ఆ స్ట్రింగ్‌ను ముక్కలు చేసి, నక్షత్రం (*) గుర్తులను విస్తరించి, వేరియబుల్స్‌కు విలువలు నింపి, అప్పుడు గాని అసలు ఆదేశాన్ని మొదలుపెట్టదు. ఇదంతా ముగిసేవరకు పేరెంట్ ప్రాసెస్ ఆగి ఉంటుంది. ఆ ఆగిన సమయంలో అది ఇంటరప్ట్, క్విట్ సిగ్నళ్లను పట్టించుకోదు, చైల్డ్ ముగిసిందని తెలిపే సిగ్నల్‌ను నిలిపి ఉంచుతుంది. కంట్రోల్ సి నొక్కితే లోపలి ఆదేశం చచ్చిపోయి, దాన్ని పదే పదే పిలుస్తున్న మన లూప్ మాత్రం మొండిగా కొనసాగడానికి కారణం ఇదే. అలాంటి లూప్ రాసేవారు తిరిగివచ్చిన విలువను పరిశీలించి, సిగ్నల్ వల్ల ముగిసిందని తెలిస్తే తామే బయటికి రావాలి.

ఆదేశం వేరే ప్రాసెస్‌లో నడుస్తుందన్న సంగతికి ఒక ముఖ్యమైన పర్యవసానం ఉంది. డైరెక్టరీ మార్చే సీడీ ఆదేశాన్ని సిస్టమ్ ద్వారా పంపి, ఆ తరువాత అక్కడ ఉన్న ఫైల్‌ను తెరవబోతే ఫైల్ దొరకదు. డైరెక్టరీ మారింది నిజమే, కాని మారింది చైల్డ్ ప్రాసెస్‌లో, అది మారిన మరుక్షణమే ముగిసిపోయింది. టర్బో సి మీద చదువుకున్న నా తరం వారికి ఇది మరింత చిక్కుగా ఉండేది. ఎందుకంటే డాస్‌లో ప్రస్తుత డైరెక్టరీ అనేది ప్రాసెస్‌కు కాక మొత్తం యంత్రానికి చెందింది కనుక అదే ప్రోగ్రామ్ అక్కడ చక్కగా పనిచేసేది.

ఈ చిక్కు యూనిక్స్ అంత పాతది. యూనిక్స్ నిర్మాతల్లో ఒకరైన డెనిస్ రిచీ దాని తొలినాళ్ల గురించి రాస్తూ పీడీపీ-7 యంత్రం మీద, కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ కాల్‌కు కేవలం 27 వరుసల అసెంబ్లీ కోడ్ సరిపోయిందని చెప్పారు. అంతకు ముందు షెల్ కొత్త ప్రాసెస్‌ను పుట్టించేది కాదు, అడిగిన ప్రోగ్రామ్‌ను తన మీదనే ఎక్కించుకునేది. ఫోర్క్ వచ్చి అందరూ సంతోషిస్తున్న సమయంలో డైరెక్టరీ మార్చే ఆదేశం పనిచేయడం మానేసిందని గమనించారు. కోడ్ అంతా వెతికిన తరువాత తేలింది ఏమిటంటే, ఆ ఆదేశం ఇప్పుడు చైల్డ్‌లో నడుస్తోంది, షెల్‌కు దానితో సంబంధం లేకుండా పోయింది. అప్పటి నుంచి దాన్ని షెల్ తానే స్వయంగా నిర్వహించే ఆదేశంగా మార్చారు. యూనిక్స్ నిర్మాతలే తడుముకున్న చోట మన విద్యార్థి తడుముకుంటే మార్కులు కోయడం న్యాయం కాదని నా అభిప్రాయం. సి ప్రోగ్రామ్‌లో డైరెక్టరీ మార్చాలంటే సీహెచ్‌డైర్ అనే కాల్‌ను నేరుగా పిలవాలి.

తిరిగివచ్చే విలువ దగ్గర కూడా కొంతసేపు నిలవాలి. ప్రతి ఆదేశం ముగిసేటప్పుడు ఎగ్జిట్ కోడ్ అనే ఒక సంఖ్యను ఇస్తుంది, సున్నా అంటే విజయం. ఆ కోడ్ 1తో ముగిస్తే లినక్స్‌లో సిస్టమ్ ఫంక్షన్ ఇచ్చేది 1 కాదు, 256. అసలు కోడ్ ఆ సంఖ్యలో ఎనిమిది బిట్ల పైన కూర్చుని ఉంటుంది, కింది బిట్లలో సిగ్నల్ సమాచారం ఉంటుంది. మామూలుగా ముగిసిందా అని అడిగే మాక్రో, ముగిస్తే కోడ్ ఎంత అని అడిగే మాక్రో హెడర్ ఫైల్‌లో సిద్ధంగా ఉన్నాయి, వాటితోనే విడదీయాలి. అలా విడదీయకుండా, సిస్టమ్ ఇచ్చిన 256ను యథాతథంగా మెయిన్ ఫంక్షన్ నుంచి రిటర్న్ చేశారనుకోండి. బయటికి వెళ్లేది కింది ఎనిమిది బిట్లు మాత్రమే కనుక బయటివారికి అందేది సున్నా, అంటే విజయం! బ్యాకప్ విఫలమైనా అంతా బాగున్నట్టు రాత్రి రాత్రంతా నివేదికలు పంపే ప్రోగ్రామ్‌లు ఇలాగే తయారవుతాయి. దీనితోపాటు 127 వస్తే షెల్‌కు ఆ పేరుతో ఆదేశం దొరకలేదనీ, 126 వస్తే దొరికినా నడపడానికి వీలుకాలేదనీ గుర్తుంచుకోండి. మైనస్ 1 వస్తే ప్రాసెస్ పుట్టించడమే సాధ్యపడలేదని అర్థం. ఇక సున్నా కాని ప్రతి విలువా వైఫల్యం కాదు. వెతికే ఆదేశమైన గ్రెప్, పదం కనబడకపోతే 1 ఇస్తుంది, నిజంగా ఏదైనా పొరపాటు జరిగితే 2 ఇస్తుంది. ఏ ఆదేశాన్ని పిలుస్తున్నామో దాని మర్యాద మనకు తెలిసి ఉండాలి.

తరచుగా వినిపించే మరో ఫిర్యాదు, అవుట్‌పుట్ వరుస తారుమారు కావడం. ప్రింట్‌ఎఫ్‌తో శీర్షిక ముద్రించి, తరువాత సిస్టమ్‌తో ఫైళ్ల జాబితా తెప్పిస్తాం. తెర మీద సరిగ్గానే కనిపిస్తుంది. అదే అవుట్‌పుట్‌ను ఒక ఫైల్‌లోకి మళ్లిస్తే జాబితా ముందు, శీర్షిక తరువాత వస్తాయి. తెర అయితే వరుస పూర్తికాగానే బఫర్ ఖాళీ అవుతుంది, ఫైల్ అయితే బఫర్ నిండేదాకా ఆగుతుంది. ఈలోగా వేరే ప్రాసెస్ తన పని ముగించుకుని పోతుంది. సిస్టమ్‌ను పిలిచే ముందు ఎఫ్‌ఫ్లష్ పిలిస్తే ఈ గొడవ ఉండదు.

ఆదేశం ముద్రించినదాన్ని ప్రోగ్రామ్ లోపలే చదువుకోవాలంటే సిస్టమ్ పనికిరాదు. ఎన్నో ప్రోగ్రామ్‌లలో అవుట్‌పుట్‌ను ఒక తాత్కాలిక ఫైల్‌లోకి మళ్లించి, ఆ ఫైల్‌ను తెరిచి చదువుతారు. అంత శ్రమ అక్కర్లేదు. పీఓపెన్ అనే ఫంక్షన్ ఆదేశాన్ని నడిపి, దాని అవుట్‌పుట్‌ను మామూలు ఫైల్ పాయింటర్‌గా మన చేతిలో పెడుతుంది, ఎఫ్‌గెట్స్‌తో వరుస వెంట వరుస చదువుకోవచ్చు. చదవడం లేదా రాయడం, ఏదో ఒక దిశ మాత్రమే కుదురుతుంది. మూసేటప్పుడు ఎఫ్‌క్లోజ్ కాకుండా పీక్లోజ్ వాడాలి, ఎగ్జిట్ కోడ్ అప్పుడే దొరుకుతుంది. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ వెర్షన్ నుంచి ఇది మనకు అందుబాటులో ఉంది. సౌకర్యం ఎంత గొప్పదైనా, పీఓపెన్ కూడా స్ట్రింగ్‌ను షెల్‌కే ఇస్తుందన్నది మరువకూడదు. మరిస్తే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది, దాన్ని కాస్త వివరంగానే చెబుతాను.

వెబ్ తొలిరోజుల్లో ఎన్‌సీఎస్‌ఏ వారి వెబ్ సర్వర్‌తోనూ, దాని నుంచి పుట్టిన అపాచీతోనూ పీహెచ్‌ఎఫ్ అనే ఒక చిన్న సి ప్రోగ్రామ్‌ను నమూనాగా ఇచ్చేవారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో వ్యక్తుల చిరునామాలు, ఫోన్ నంబర్లు వెతికే పీహెచ్ అనే ఆదేశం ఉండేది. వెబ్ ఫారమ్‌లో పేరు నింపితే, పీహెచ్‌ఎఫ్ ఆ పేరును పీహెచ్ ఆదేశం పక్కన అతికించి, మొత్తం స్ట్రింగ్‌ను పీఓపెన్‌కు ఇచ్చి, వచ్చిన జవాబును పేజీగా చూపేది. రాసినవారు అజాగ్రత్తపరులేమీ కారు. సెమీకోలన్, పైప్ గుర్తు, యాంపర్‌శాండ్, డాలర్ గుర్తు వంటివి షెల్‌కు ప్రత్యేకమని వారికి తెలుసు. అలాంటి ప్రతి గుర్తు ముందూ వెనుకగీత చేర్చి, దాని శక్తిని తీసేసే ఒక ఫంక్షన్‌ను ప్రత్యేకంగా రాశారు కూడా. ఆ పట్టికలో ఒక్క అక్షరం తప్పిపోయింది: కొత్త వరుసను సూచించే న్యూలైన్. షెల్ దృష్టిలో న్యూలైన్ అంటే ఒక ఆదేశం ముగిసి మరొకటి మొదలవడమే. వెబ్ చిరునామాలో శాతం గుర్తు వెంట సున్నా, ఏ అక్షరం చేర్చి న్యూలైన్‌ను పంపి, దాని తరువాత పాస్‌వర్డ్ ఫైల్‌ను చూపమనే ఆదేశాన్ని రాస్తే, సర్వర్ వినయంగా ఆ ఫైల్‌ను బ్రౌజర్‌కు పంపించేది. 1996 మార్చిలో కంప్యూటర్ భద్రతా హెచ్చరికలిచ్చే సెర్ట్ సంస్థ దీని మీద హెచ్చరిక విడుదల చేసింది. ఆ హెచ్చరిక తరువాత కూడా ఎన్నో సర్వర్లలో ఆ నమూనా ప్రోగ్రామ్ అలాగే పడి ఉండడం వల్ల దాడులు చాలాకాలం సాగాయి.

ప్రమాదకరమైన గుర్తుల పట్టిక తయారుచేసి వాటిని తొలగించే పద్ధతి ఎంత తెలివైనవారి చేతిలోనైనా ఎందుకు ఓడిపోతుందో ఈ ఉదంతం చూపుతుంది. షెల్ వ్యాకరణం మొత్తం మన తలలో ఉంటే తప్ప ఆ పట్టిక పూర్తికాదు. పైగా షెల్‌లు పలురకాలు. దాడి చేసేవాడే ఉండాలని కూడా లేదు. ‘కె. రామారావు’ అనే పేరుతో ఫైల్ ఉంటే చాలు, మధ్యలో ఉన్న ఖాళీ దగ్గర షెల్ దాన్ని రెండు పేర్లుగా చీలుస్తుంది. ఆ పేరును తొలగింపు ఆదేశం పక్కన అతికించారనుకోండి, తొలగిపోయేది ఏదో మీరే ఊహించుకోండి. తెలుగులో ఫైల్ పేరు పెడితే షెల్ తికమకపడుతుందా అని కొందరు అడుగుతుంటారు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడేసి బైట్లు ఉంటాయి, అవన్నీ 127కు పైబడినవే, షెల్ ప్రత్యేక గుర్తులన్నీ 127లోపలివే. కనుక తెలుగు అక్షరాల వల్ల ఏ చిక్కూ రాదు, వాటి మధ్య పెట్టే ఖాళీల వల్లనే వస్తుంది.

స్ట్రింగ్ మొత్తం మనమే రాసినా, అందులో బయటివారి మాట ఒక్కటీ లేకపోయినా, ఇంకొక దారి తెరిచే ఉంటుంది. షెల్ తన ప్రవర్తనను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ నుంచి కూడా నేర్చుకుంటుంది, వాటిని అమర్చేది ప్రోగ్రామ్‌ను నడిపే వ్యక్తి. పాత యూనిక్స్‌లో రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద సర్వాధికారంతో, నడిచే ఒక ప్రోగ్రామ్, బిన్ డైరెక్టరీలోని మెయిల్ ఆదేశాన్ని పూర్తి చిరునామాతో షెల్ ద్వారా పిలిచేది. పదాలను ఏ గుర్తు దగ్గర విడగొట్టాలో చెప్పే ఐఎఫ్‌ఎస్ వేరియబుల్‌లో ఏటవాలు గీతను పెట్టినవారికి, ఆ చిరునామా కాస్తా బిన్ అనే ఆదేశంగా, మెయిల్ అనే ఆర్గ్యుమెంట్‌గా విడిపోయేది. బిన్ అనే పేరుతో తమ ప్రోగ్రామ్‌ను సిద్ధం చేసుకుంటే అది రూట్ అధికారంతో నడిచేది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఆధునిక షెల్‌లు ఐఎఫ్‌ఎస్‌ను ఎన్విరాన్‌మెంట్ నుంచి స్వీకరించవు. అంతమాత్రాన కథ ముగియలేదు. 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్ లోపం ఈ కోవలోదే. బ్యాష్ షెల్ మొదలయ్యేటప్పుడు ఎన్విరాన్‌మెంట్‌లో ఫంక్షన్ నిర్వచనంలా కనిపించే విలువ దొరికితే దాన్ని చదివి, నిర్వచనం ముగిసిన తరువాత మిగిలిన భాగాన్ని కూడా ఆదేశంగా నడిపేది. బ్యాష్‌ను మామూలు షెల్‌గా పెట్టుకున్న యంత్రాల్లో, సిస్టమ్‌నో పీఓపెన్‌నో పిలిచే ఏ సి ప్రోగ్రామ్ అయినా, బయటి నుంచి వచ్చిన విలువను ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టిందంటే, ఆ లోపానికి తలుపు తీసినట్టే. ఆ ప్రోగ్రామ్‌లో పంపిన స్ట్రింగ్ కేవలం తేదీ ఆదేశమే అయినా సరే. ఆ పని కోసం డ్యాష్ అనే చిన్న షెల్‌ను ఎంచుకున్న డెబియన్, ఉబుంటు యంత్రాలకు ఈ విషయంలో కొంత రక్షణ దొరికింది. అధిక అధికారాలతో నడిచే ప్రోగ్రామ్‌లలో సిస్టమ్ వాడవద్దని లినక్స్ మాన్యువల్ పేజీ సూటిగా చెప్పడానికి నేపథ్యం ఇది.

షెల్‌ను పూర్తిగా పక్కనపెట్టడానికి మనకు ఫోర్క్, ఎగ్జెక్ కాల్స్ ఉన్నాయి. ఫోర్క్ ఒక్కసారి పిలిస్తే రెండుసార్లు తిరిగివస్తుంది. చైల్డ్‌లో సున్నాతో, పేరెంట్‌లో చైల్డ్ గుర్తింపు సంఖ్యతో వస్తుంది. చైల్డ్‌లో ఎగ్జెక్‌వీ అనే కాల్‌కు ప్రోగ్రామ్ చిరునామాను, ఆర్గ్యుమెంట్ల జాబితాను ఇస్తాం. ఆ జాబితా పాయింటర్ల అర్రే. మొదటిది ప్రోగ్రామ్ పేరు, చివరిది నల్ పాయింటర్. ఆ నల్‌ను మరిచిపోతే కెర్నల్ అర్రే దాటి చదువుకుంటూ పోతుంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి, ‘కె. రామారావు’ అనే పేరు ఒకే ఆర్గ్యుమెంట్‌గా వెళ్తుంది, అందులో ఖాళీ ఉన్నా, సెమీకోలన్ ఉన్నా, న్యూలైన్ ఉన్నా సరే, వాటికి అర్థం చెప్పేవారు మధ్యలో ఎవరూ లేరు. పీహెచ్‌ఎఫ్ రచయితలు ఈ దారి పట్టి ఉంటే వారికి గుర్తుల పట్టికతో పనే ఉండేది కాదు.

ఎగ్జెక్ విజయవంతమైతే తిరిగిరాదు. దాని తరువాతి వరుస నడిచిందంటే అది విఫలమైందనే అర్థం. అక్కడ మామూలు ఎగ్జిట్ కాక అండర్‌స్కోర్ ఎగ్జిట్‌ను 127 కోడ్‌తో పిలవాలి. మామూలు ఎగ్జిట్ పిలిస్తే, పేరెంట్ నుంచి నకలుగా వచ్చిన బఫర్‌లోని పాఠం రెండోసారి ముద్రితమవుతుంది. పేరెంట్ వెయిట్‌పీఐడీతో ఎదురుచూడాలి, లేకపోతే ముగిసిన ప్రాసెస్‌లు జాంబీలుగా పట్టికలో మిగిలిపోతాయి. పేరెంట్ తెరిచి ఉంచిన ఫైళ్లన్నీ చైల్డ్‌కూ సంక్రమిస్తాయి కనుక, ఫైల్ తెరిచేటప్పుడే క్లోజ్-ఆన్-ఎగ్జెక్ గుర్తును పెట్టుకోవడం మంచిది. ఇదంతా రాయడానికి ఇరవై వరుసలు పడుతుంది. సిస్టమ్‌తో ఒక్క వరుసలో పోయేదానికి ఇంత శ్రమ ఎందుకనిపిస్తే పాసిక్స్ స్పాన్ అనే ఫంక్షన్ ఫోర్క్, ఎగ్జెక్ రెండింటినీ కలిపి చేస్తుంది, అది కూడా ఆర్గ్యుమెంట్లను అర్రేగానే తీసుకుంటుంది.

అర్రే వాడినంత మాత్రాన గుండె మీద చేయి వేసుకుని నిద్రపోవచ్చని అనను. షెల్ చదవదు సరే, కాని మనం పిలిచిన ప్రోగ్రామ్ చదువుతుంది. పేరు మైనస్ గుర్తుతో మొదలైతే దాన్ని అది ఆప్షన్‌గా అర్థం చేసుకుంటుంది. 2017 ఆగస్టులో, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ అనే ప్రోగ్రామ్‌లో దొరికిన లోపం సరిగ్గా ఇదే. సర్వర్ పేరు ఉండాల్సిన చోట మైనస్‌తో మొదలయ్యే పాఠం పెడితే, దూరపు యంత్రానికి కలిపే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ దాన్ని తన ఆప్షన్‌గా తీసుకుని వేరే ఆదేశాన్ని నడిపేది. ఆప్షన్లు ముగిశాయని తెలిపే జంట మైనస్ గుర్తును, దాన్ని అంగీకరించే ప్రోగ్రామ్‌లకు, బయటి పేర్లకు ముందు చేర్చాలి. ఫైల్ పేరైతే దాని ముందు చుక్క, ఏటవాలు గీత పెట్టినా సరిపోతుంది.

విండోస్ సంగతి కొంత వేరు. అక్కడ సిస్టమ్ ఫంక్షన్ కామ్‌స్పెక్ వేరియబుల్ చూపే సీఎండీ ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. షెల్‌ను తప్పించి క్రియేట్‌ప్రాసెస్ వాడినా ఆర్గ్యుమెంట్లు అర్రేగా వెళ్లవు, ఒకే పొడవైన స్ట్రింగ్‌గా వెళ్తాయి. దాన్ని తిరిగి ముక్కలు చేసుకునే బాధ్యత ఎదుటి ప్రోగ్రామ్‌దే. పిలిచింది బ్యాచ్ ఫైల్ అయితే సీఎండీ మనకు చెప్పకుండానే మధ్యలోకి వస్తుంది, దాని నియమాలు వేరు. రస్ట్‌తో సహా పలు భాషల లైబ్రరీలు ఈ కారణంగానే 2024 ఏప్రిల్‌లో హెచ్చరికలు ఇచ్చాయి. విండోస్‌లో బ్యాచ్ ఫైల్‌కు బయటి పాఠాన్ని ఆర్గ్యుమెంట్‌గా పంపవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇంతకూ ల్యాబుల్లో మనం సిస్టమ్‌కు ఇచ్చే ఆదేశాల్లో సగానికి అసలు ఆదేశమే అక్కర్లేదు. డైరెక్టరీ సృష్టించడానికి ఎంకేడైర్, ఫైల్ పేరు మార్చడానికి రీనేమ్, తొలగించడానికి అన్‌లింక్, జాబితాకు రీడ్‌డైర్, తేదీకి ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ ఉన్నాయి. చిన్న పనికి రెండు ప్రాసెస్‌లు పుట్టించడం దండగ, అంతకంటే ముఖ్యంగా ఈ కాల్స్ విఫలమైతే కారణాన్ని ఎర్ర్‌నో అనే వేరియబుల్‌లో స్పష్టంగా చెబుతాయి. సిస్టమ్ నిషిద్ధమని నేను అనడం లేదు. స్ట్రింగ్ మొత్తం మన కోడ్‌లోనే రాసి ఉన్నప్పుడు, పైపులు, మళ్లింపులు నిజంగా కావలసినప్పుడు, సాధారణ వినియోగదారు అధికారంతో నడిచే చోట నేను కూడా మొహమాటం లేకుండా వాడతాను. ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో ఆదేశాన్ని అతికించడం మొదలుపెట్టిన చోటే ఆగి అర్రే దారి పట్టాలి.

మధ్యాహ్నం ల్యాబ్‌లో మీరు చేయవలసింది చెప్పి ముగిస్తాను. మొదట సిస్టమ్‌తో ఒకే ఒక ఎల్ఎస్ ఆదేశాన్ని నడిపే ప్రోగ్రామ్ రాసి, దాన్ని స్ట్రేస్ కింద, మైనస్ ఎఫ్ ఆప్షన్‌తో నడపండి. ప్రోగ్రామ్ కెర్నల్‌ను పిలిచే ప్రతి కాల్‌నూ స్ట్రేస్ చూపుతుంది. లినక్స్‌లో వాడే సి లైబ్రరీ అయిన జీలిబ్‌సిలో, 2019లో వచ్చిన 2.29 వెర్షన్ నుంచి సిస్టమ్ లోపల స్పాన్ వాడుతున్నారు కనుక మీకు ఫోర్క్ అనే పేరు కనిపించకపోవచ్చు, క్లోన్ కనిపిస్తుంది. షెల్ కోసం ఒక ఎగ్జెక్, ఎల్ఎస్ కోసం మరొకటి లెక్కపెట్టండి. అవి రెండూ ఒకే ప్రాసెస్ సంఖ్య కింద ఉన్నాయో లేదో చూడండి. తరువాత సెమీకోలన్ పెట్టి ఇంకో ఆదేశం చేర్చి, లెక్క ఎలా మారిందో గమనించండి. చివరగా ఫోర్క్, ఎగ్జెక్‌వీ, వెయిట్‌పీఐడీలతో మీ సొంత ఫంక్షన్ రాసి, ఖాళీలు, న్యూలైన్, ముందు మైనస్ గుర్తు ఉన్న మూడు ఫైల్ పేర్లను దానికి ఇవ్వండి. మొదటి రెండు పేర్లు దాటిపోతాయి, మూడోదాని దగ్గర ఏమైందో సాయంత్రం చర్చలో మాట్లాడుకుందాం. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.